‘నాకేదైనా ఒకటే’: ఉదాసీనతా రేఖల చరిత్రలో స్త్రీలు

తెలుగు మాధ్యమంలో అర్థశాస్త్రం చదువుకున్నవాళ్ళకి ‘ఉదాసీనతా వక్రరేఖలు’ అనే పాఠం గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషులో ‘ఇండిఫరెన్స్ కర్వ్’ అనేదానికి మన పాఠ్యపుస్తకాలు పెట్టుకున్న పేరు అది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు రేఖ కంటే ముందు మాట మీదికే దృష్టి పోయింది. ఉదాసీనత అంటే ఎటూ మొగ్గకపోవడం, పట్టనట్టు ఉండటం. మన ఇళ్ళల్లో ఈ స్థితికి ఒక వాడుక మాట ఉంది. ఏ చీర తీసుకుంటావు, ఏం వండుకుందాం, సెలవులకి ఎక్కడికి వెళదాం అని ఎవరైనా అడిగితే ‘నాకేదైనా ఒకటే’ అంటుంది ఇల్లాలు. అర్థశాస్త్రంలోని వినియోగదారుడు కూడా తన రేఖ మీద నిలబడి సరిగ్గా ఈ మాటే అంటాడు. ఇద్దరి మాటా ఒకటే కానీ ఇద్దరూ చెప్పేది ఒకటి కాదు. ఈ తేడా శాస్త్రంలో ఎలా కనుమరుగైంది, దాన్ని మళ్ళీ పట్టుకున్నది ఎవరు అన్నది చెప్పుకోవలసిన చరిత్ర.

ముందు పాఠం సంగతి. ఒక మనిషికి నెల సరుకుల కింద పది కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు ఇచ్చారనుకుందాం. బియ్యం రెండు కిలోలు తగ్గించి, అందుకు బదులుగా పప్పు ఒక కిలో పెంచితే ‘అదీ ఇదీ నాకొకటే’ అన్నారనుకుందాం. ఇలా సమానమైన తృప్తినిచ్చే జతలన్నిటినీ చుక్కలు పెట్టి కలిపితే వచ్చేదే ఉదాసీనతా రేఖ. పప్పు పెరిగేకొద్దీ మరో కిలో పప్పు కోసం వదులుకోవడానికి సిద్ధపడే బియ్యం తగ్గుతూ వస్తుంది. అందుకే ఆ గీత తిన్నగా కాకుండా వంపు తిరిగి ఉంటుంది. రెండు సరుకులూ ఎక్కువగా ఉన్న జతలు పై రేఖ మీద ఉంటాయి. చేతిలో ఉన్న డబ్బూ బజారులో ఉన్న ధరలూ కలిసి ఒక సరళరేఖ గీస్తాయి. ఆ డబ్బుతో అందుకోగలిగిన రేఖల్లో అన్నిటికంటే పైదాన్ని వినియోగదారుడు ఎంచుకుంటాడు.

చూడటానికి ఇది ఎవరికీ హాని చెయ్యని జామెట్రీ. కానీ దీని వెనుక రెండు షరతులున్నాయి. ఒకటి, ఏ రెండు జతలు ముందు పెట్టినా ఆ మనిషి పోల్చి చెప్పగలగాలి. అంటే తనకేం కావాలో తెలిసి ఉండాలి, చెప్పే అవకాశం ఉండాలి. రెండు, వదులుకున్నదానికి బదులు ముట్టాలి. బియ్యం తగ్గి పప్పు పెరగకపోతే ఆ మనిషి అదే రేఖ మీద ఉండదు, కింది రేఖకి జారుతుంది. మన భాషలో బదులు ముట్టకుండా వదులుకోవడానికి వేరే మాట ఉంది. దాన్ని సర్దుకుపోవడం అంటాం. ఆడపిల్లకి పెళ్ళిలో చెప్పే బుద్ధుల్లో మొదటిది అదే. సర్దుకుపోయినావిడని ‘అదే రేఖ మీద ఉంది, ఆమెకి ఏదైనా ఒకటే’ అని లెక్క రాసుకోవడమే నేను చెప్పబోయే అన్యాయం.

ఈ రేఖల ఆలోచన మొదట కనిపించింది 1881లో వచ్చిన ‘మేథమెటికల్ సైకిక్స్’ అనే పుస్తకంలో. రాసినవాడు ఫ్రాన్సిస్ ఎడ్జ్‌వర్త్. సాహిత్య విద్యార్థులకి ఈ ఇంటిపేరు కొత్త కాదు. 1800లో ‘కాసిల్ రాక్‌రెంట్’ నవల ప్రచురించిన మారియా ఎడ్జ్‌వర్త్ ఆయనకి మేనత్త. స్త్రీల చదువుని సమర్థిస్తూ 1795లోనే ‘లెటర్స్ ఫర్ లిటరరీ లేడీస్’ రాసిన మనిషి. మేనల్లుడి పుస్తకంలో మాత్రం సుఖాన్ని అనుభవించే శక్తి అందరికీ సమానం కాదనే లెక్క ఒకటి ఉంది. పురుషుడికి ఆ శక్తి ఎక్కువన్న భావన మీద పురుషాధిక్యాన్ని నిలబెట్టే వాదన అందులో కనిపిస్తుంది. రేఖని కనిపెట్టిన పుస్తకమే స్త్రీ తృప్తిని ఒక మెట్టు కిందికి దించింది.

ఆ పుస్తకంలో బేరానికి ఇచ్చిన ఉదాహరణ ఇంకా గమనించదగ్గది. ఒకవైపు రాబిన్సన్ క్రూసో, మరోవైపు ఫ్రైడే. క్రూసో కూలి ఇస్తాడు, ఫ్రైడే పని ఇస్తాడు. ఎవరి రేఖలు వాళ్ళవి, రెండూ తాకే చోట ఒప్పందం. డీఫో 1719లో రాసిన నవల చదివినవాళ్ళకి మాత్రం వేరే సంగతి గుర్తొస్తుంది. క్రూసో ఆ మనిషికి తానే ఒక పేరు పెట్టాడు. తనని ‘మాస్టర్’ అని పిలవమని నేర్పాడు. చేతిలో తుపాకి ఉంది. ఆ దీవిలో జరిగింది కూలి బేరం ఎలా అవుతుంది? నవలలోని యజమాని, బానిస సమీకరణంలోకి వచ్చేసరికి సమాన ప్రతిపత్తి గల ఇద్దరు పెద్దమనుషులైపోయారు. 1995లో ‘ఫెమినిస్ట్ ఎకనామిక్స్’ పత్రిక మొదలైన ఏడాదే ఉల్లా గ్రాపార్డ్ అందులో క్రూసో మీద వ్యాసం రాస్తూ, అర్థశాస్త్రానికి ఆదర్శపురుషుడైన ఈ మనిషి కథలో జాతీ లింగభేదమూ ఎలా మాయమయ్యాయో చర్చించింది.

తర్వాత ఇటలీకి చెందిన పరేటో 1906 నాటి తన పుస్తకంలో సుఖాన్ని కొలవనక్కర్లేదన్నాడు. ఎంత ఇష్టమో అక్కర్లేదు, దేనికంటే ఏది ఇష్టమో చెబితే చాలు. 1932లో లయొనెల్ రాబిన్స్ ఒకరి తృప్తిని మరొకరి తృప్తితో పోల్చడం శాస్త్రం పని కాదని గట్టిగా వాదించాడు. 1934లో జాన్ హిక్స్, ఆర్.జి.డి. ఆలెన్ కలిసి ‘ఎకనామికా’ పత్రికలో రాసిన వ్యాసంతో నేటి పాఠానికి రూపం వచ్చింది. దీనివల్ల ఒక మేలు జరిగింది. పురుషుడి సుఖం పెద్దదనే ఎడ్జ్‌వర్త్ లెక్కకి చోటు లేకుండా పోయింది. కానీ అదే దెబ్బతో ఒకే ఇంట్లో ఒకరి కడుపు నిండి మరొకరి కడుపు మాడుతోందని చెప్పే వీలు కూడా పోయింది. పోల్చకూడదన్న నియమం పైకి సమానత్వంలాగే ఉంటుంది. అప్పటికే అసమానంగా ఉన్న ఇంట్లో అది ఎవరి పక్షాన నిలబడుతుందో వేరే చెప్పాలా?

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే వినియోగం గురించి స్త్రీలు వేరేగా ఆలోచిస్తున్నారు. షికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన హేజెల్ కిర్క్ 1923లో ‘ఎ థియరీ ఆఫ్ కన్సంప్షన్’ ప్రచురించింది. ఎప్పుడూ లెక్కలు వేసుకుంటూ ఒంటరిగా నిలబడే వినియోగదారుడు నిజంగా లేడనీ, మన కోరికలు మనం బతికే సమాజపు ప్రమాణాల్లోంచి పుడతాయనీ ఆమె వాదన. ఆమె శిష్యురాలు మార్గరెట్ రీడ్ 1934లో, అంటే హిక్స్, ఆలెన్‌ల వ్యాసం వచ్చిన ఏడాదే, ‘ఎకనామిక్స్ ఆఫ్ హౌస్‌హోల్డ్ ప్రొడక్షన్’ రాసింది. బియ్యం కొనడంతో వినియోగం అయిపోదు, అన్నం కావాలంటే ఎవరో వండాలి. ఇంట్లో చేసే ఒక పనిని డబ్బిచ్చి మూడో మనిషి చేత చేయించుకోగలిగితే అది ఉత్పత్తే అని ఆమె ఒక కొలబద్ద ఇచ్చింది. వంట, ఉతుకు, పిల్లల సాకుడు అన్నీ ఆ కొలబద్దకి నిలుస్తాయి.

ఒకే ఏడాది వచ్చిన ఈ రెండు రచనల్లో ఒకటి ప్రపంచమంతా మొదటి పాఠమైంది. రెండోది గృహవిజ్ఞానం కింద పక్కకి పోయింది. 1980లో అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ ‘డిస్టింగ్విష్డ్ ఫెలో’గా గౌరవించిన మొదటి స్త్రీ రీడ్. అప్పటికి ఆమెకి ఎనభై దాటాయి. తెలుగులో ఇంకో చిత్రం కూడా ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ మనిషి ఎప్పుడూ ‘వినియోగదారుడే’. సంచీ పట్టుకుని రైతు బజారుకి వెళ్ళి బేరమాడే ఆవిడకి వ్యాకరణంలో కూడా చోటు లేదు.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. రేఖ ఒక మనిషిది. కానీ బజారు లెక్కలూ సర్వే లెక్కలూ చాలావరకు ఇళ్ళవి. ఇంట్లో నలుగురుంటే ఎవరి రేఖ గీయాలి? పాల్ శామ్యూల్సన్‌కి ఈ ప్రశ్న తెలుసు. 1956లో రాసిన వ్యాసంలో, కుటుంబ సభ్యులు ఒకరి బాగోగులు ఒకరు చూసుకుంటూ ఆదాయాన్ని సరిగ్గా పంచుకుంటారనుకుంటే ఇంటికంతటికీ ఒకే రేఖల పటం ఉన్నట్టు లెక్క వెయ్యవచ్చని జవాబు చెప్పాడు. గేరీ బెకర్ ఇంకో అడుగు వేశాడు. 1974లో రాసిన వ్యాసంలోనూ, 1981 నాటి ‘ఎ ట్రీటైజ్ ఆన్ ద ఫ్యామిలీ’లోనూ అందరి మేలూ కోరే ఇంటిపెద్ద ఒకడుంటాడు. అతను అందరికీ పంచి పెడుతూ ఉంటే మిగతావాళ్ళు స్వార్థపరులైనా ఇంటి మేలుకే నడుచుకుంటారని సిద్ధాంతం. ఇంటిపెద్ద మంచివాడు అనే ఒక్క ఊహ మీద ఇల్లంతా ఒకే రేఖ అయిపోయింది. మన తాతమ్మల నోముల కథల్లో కూడా ఇంత నిశ్చింతగల ఇల్లు కనిపించదేమో.

ఈ ఊహని తప్పుపట్టాలంటే నినాదం చాలదు, పరీక్ష కావాలి. ఆ పరీక్షకి పునాది వేసింది ఒక ఇంగ్లీషు రాజకీయవేత్త. ఎలినార్ రాత్‌బోన్ 1924లో ‘ద డిస్‌ఇన్‌హెరిటెడ్ ఫ్యామిలీ’ రాసింది. కుటుంబ పోషణ పేరు మీద జీతం మగవాడి చేతికి వస్తోంది, అది భార్యాపిల్లలకి చేరుతుందన్న హామీ లేదు, కాబట్టి పిల్లల కోసం ఇచ్చే భృతి తల్లి చేతికే రావాలి అన్నది ఆమె వాదన. ఇరవై ఏళ్ళకి పైగా పోరాడాక 1945లో బ్రిటన్‌లో కుటుంబ భృతి బిల్లు వచ్చింది. మొదటి ముసాయిదాలో ఆ డబ్బు తండ్రికి రాసి ఉంది! పార్లమెంటు సభ్యురాలిగా ఆమె దాన్ని గట్టిగా ఎదిరించింది, చివరికి తల్లికే ఇచ్చేలా మార్చారు. రెండో బిడ్డ నుంచి వారానికి అయిదు షిల్లింగులు. 1946 ఆగస్టులో తల్లులు మొదటి భృతి అందుకున్నారు. రాత్‌బోన్ ఆ ఏడాది జనవరిలోనే చనిపోయింది.

1977 నుంచి 1979 వరకు అక్కడ మరో మార్పు జరిగింది. అంతవరకు పిల్లల పేరు మీద వచ్చే పన్ను మినహాయింపు ఎక్కువగా తండ్రి జీతంలో కలిసి వచ్చేది. దాన్ని తీసేసి, తల్లికి నేరుగా ఇచ్చే ‘చైల్డ్ బెనిఫిట్’ పెట్టారు. డబ్బు జేబులోంచి పర్సులోకి మారింది. ఇంటికంతటికీ ఒకే రేఖ ఉంటే ఈ మార్పు వల్ల సరుకుల జాబితా మారకూడదు. మొత్తం ఎంత వచ్చిందన్నదే లెక్క, ఎవరి చేతికి వచ్చిందన్నది లెక్క కాదు. షెల్లీ లుండ్‌బర్గ్, రాబర్ట్ పొలాక్, టెరెన్స్ వేల్స్ 1997లో ఆ కాలపు ఖర్చుల లెక్కలు పరిశీలించి చూశారు. మగవాళ్ళ బట్టలతో పోలిస్తే ఆడవాళ్ళ బట్టల మీదా పిల్లల బట్టల మీదా ఖర్చు పెరిగింది. ఒక జాకెట్టు, ఒక పిల్లవాడి చొక్కా కలిసి ఇంటికి ఒకే రేఖ ఉంటుందన్న ఊహని తలకిందులు చేశాయి. అంతకుముందే 1981లో మార్జొరీ మెకెల్‌రాయ్, మేరీ జీన్ హార్నీ కుటుంబాన్ని ఒక బేరంగా చూసే నమూనా ఇచ్చారు. ఆ ఇంటి నుంచి బయటికి వస్తే ఎవరికి ఏం ఆధారం ఉంది అన్నదాన్ని బట్టే లోపల ఎవరి మాట చెల్లుతుందో తేలుతుంది. ఇక్కడ బీనా అగర్వాల్ 1994 నాటి ‘ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్’లో ఆ ఆధారానికి సూటిగా పేరు పెట్టింది: భూమి.

బెకర్‌కి నోబెల్ వచ్చింది 1992లో. అదే ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఈ రెండు సంఘటనలకీ ఏ సంబంధమూ లేదు, నిజమే. అయినా పక్కపక్కన పెట్టి చూడమంటాను. శామ్యూల్సన్ 1938లో మనుషుల ఇష్టాయిష్టాలు వాళ్ళ నోటితో చెప్పక్కర్లేదనీ, కొన్నదాన్ని బట్టి ఇష్టం బయటపడుతుందనీ ఒక సూత్రం ఇచ్చాడు. ఆ సూత్రం పట్టుకుని అప్పటి ఒక కూలి ఇంటి ఖర్చుల లెక్క తీశామనుకుందాం. సారా ప్యాకెట్లకి ఇంత, బియ్యానికి ఇంత. ఈ కుటుంబం బియ్యం కంటే సారాని ఇష్టపడుతోందని రాసుకుంటాం. పొయ్యి ముందు కూర్చున్నావిడ ఇష్టం ఆ లెక్కలో ఎక్కడుంది? ఆవిడ ఇష్టం కొన్నవాటిలో లేదు, కొననివాటిలో ఉంది. కొననివాటికి రసీదు ఉండదు.

అక్షరాస్యతా ఉద్యమపు వాచకాల్లోని పాఠాల చుట్టూ సాగిన మాటల్లో దూబగుంట స్త్రీలకి ఆ ఇష్టం చెప్పుకునే చోటు దొరికింది. వాళ్ళ గెలుపే మళ్ళీ మరో వాచకంలో పాఠమై ఊరూరికీ పాకింది. స్త్రీలు సారా వేలం పాటల్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఈ స్త్రీలని కాపురం కాపాడుకునే సాధ్వీమణులుగా మాత్రమే చూపించే ధోరణిని సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లోనే విమర్శించారు. నా మాటగా ఇంకొకటి కలుపుతాను. ఇంటికి ఒకే రేఖ ఉందన్న సిద్ధాంతాన్ని వాళ్ళు బజారు మధ్య నిలబడి కాదన్నారు.

ఇక మిగిలింది కష్టమైన ప్రశ్న. ఇంటి రేఖని విడదీసి ఆమె రేఖ ఆమెకి గీసి ఇస్తామన్నా ఆమె ‘నాకేదైనా ఒకటే’ అంటే? లేమికి అలవాటుపడినవాళ్ళు తమ కోరికల్ని అందిన మేరకి కుదించుకుంటారని అమర్త్య సేన్ చాలాచోట్ల రాశాడు. మార్థా నస్‌బౌమ్ 2000లో వచ్చిన ‘విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్’లో దీనికి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి మన మహబూబ్‌నగర్ జిల్లాది. సరైన తిండీ మంచినీళ్ళూ లేని స్త్రీలు, చైతన్య కార్యక్రమం వచ్చేదాకా ఆ పరిస్థితి మీద కోపమే పెంచుకోలేదని ఆమె రాసింది. బీనా అగర్వాల్ 1997లో సేన్ వాదనతో విభేదించింది. స్త్రీలకి తమ మేలు తెలియక కాదు, వేరే దారి లేక పైకి ఒప్పుకున్నట్టు ఉంటారు, ఆ ఒప్పుకోలుని నమ్మకం అనుకోకూడదు అంటుంది ఆమె.

ఈ చర్చలో నేను అగర్వాల్ వైపు మొగ్గుతాను. బయటినుంచి వెళ్ళిన మనం ‘పాపం, వీళ్ళకి కోరికలే లేవు’ అనుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. ఎడ్జ్‌వర్త్ స్త్రీ తృప్తిని తక్కువ కట్టినట్టే మనం ఆమె తెలివిని తక్కువ కడతాం. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఏకంగా తన పేరే మర్చిపోతుంది. ఆ పేరు ఆమెకి మళ్ళీ దొరికేది పాత స్నేహితురాలి నోట. చైతన్యం పేరుతో బయటివాళ్ళు పెట్టిన కొత్త పేరు కాదది, ఎప్పటినుంచో ఆమెదే. దూబగుంటలోనూ, మహబూబ్‌నగర్ సంఘాల్లోనూ జరిగింది దాదాపు అదేనని నాకనిపిస్తుంది. కోరికలు లేకపోలేదు. వినే మనిషి, చెప్పే చోటు లేవు.

దీనివల్ల ఆచరణలో ఏం మారాలి? మన దేశంలో వినియోగ సర్వేలు ఇప్పటికీ ఇంటిని యూనిట్‌గా తీసుకుని, వచ్చిన మొత్తాన్ని ఇంట్లో ఉన్న తలలతో భాగిస్తాయి. ఎవరు ముందు తిన్నారు, ఎవరు అడుగంటిన గిన్నెతో సరిపెట్టుకున్నారు అన్నది ఆ సగటులో కరిగిపోతుంది. పేదరికపు అంచనాలు నిలబడేది ఆ సగటు మీదే. 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు దానికి ఖర్చుపెడుతున్నారని తేలింది. రీడ్ 1934లో లెక్కపెట్టమన్నది ఈ నిమిషాలనే. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ‘అమ్మ ఒడి’ డబ్బు తల్లుల ఖాతాల్లో పడినప్పుడు, తెలిసో తెలియకో, అది రాత్‌బోన్ గెలిచిన వాదనే. అయితే ఖాతా ఆమె పేరున ఉండటం, ఏటీఎం కార్డు ఆమె చేతిలో ఉండటం రెండూ ఒకటి కావు. ఆ తేడాని ఏ సర్వే అడుగుతోంది?

అర్థశాస్త్రం మన విషయం కాదని సాహిత్యంవాళ్ళం పక్కకి జరుగుతూ వచ్చాం. కానీ ఒక మనిషి ‘నాకేదైనా ఒకటే’ అన్నప్పుడు అందులో ఉన్నది తృప్తా, అలసటా, భయమా, ప్రేమా అని విడదీసి చదవడం మనకి తెలిసిన పని. ఆ చదువుని కథల దగ్గరే ఆపకుండా సర్వే ప్రశ్నావళుల్లోకి, బడ్జెట్ పుస్తకాల్లోకి కూడా తీసుకుపోవాలి. ఇంటికి ఎంత వచ్చిందని అడిగిన వెంటనే ఎవరి చేతికి వచ్చిందని అడగాలి. ఏం కొన్నారని అడిగిన వెంటనే, ఏం కొనుక్కోవాలనుకుని మానేశావమ్మా అని అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి కూడా.